ఎక్కడికని అడిగే మనిషి

మా అత్తయ్య పోయింది. జర్మనీలో మేముండే ఈ కార్ల్స్‌రూహెలో మంచు పడటమే అరుదు, పడ్డా మధ్యాహ్నానికి బురదైపోతుంది. ఆ రోజు మాత్రం పడింది పడ్డట్టే నిలిచింది. ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఆఫీసులో ఉన్నాను. ఊళ్ళో మంచు తోసే బళ్ళు ఏ వీధికి ముందు వెళ్ళాలో, ఏ వీధికి తర్వాత వెళ్ళాలో చెప్పడం చలికాలంలో నా ఉద్యోగం. ఫోన్ పెట్టేసి, అవతల లైన్లో ఎదురు చూస్తున్న డ్రైవరుకి వీధి పేరు చెప్పి, అప్పుడు లేచి కోటు వేసుకున్నాను. అత్తయ్య నేర్పిన పద్ధతే అది. "చేతిలో పని కింద పడేసి ఏడవకూడదే అమ్మడూ, పక్కన పెట్టి ఏడవాలి" అనేది.

సాయంత్రానికి ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు నిండా దండాలు, దీపాలు. ఒక అమ్మాయి మాత్రం "మన ఎక్కడికి ఆంటీ ఇక లేరా?" అని రాసి, తప్పుగా ఉంటుందనుకుందేమో, వెంటనే తుడిపేసింది. తుడపక్కర్లేదు. తనకు ఆ పేరుందని అత్తయ్యకు తెలుసు. జర్మన్ పిల్లలయితే వోహిన్ ఓమా అనేవాళ్ళు, ఎక్కడికి అమ్మమ్మ అని. దానికీ పలికేది.

మనలో బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే వెళ్ళిన పని చెడుతుందంటారు. మరీ తెలుసుకోవాలనిపిస్తే "దూరమా?" అంటారు. వెళ్ళేవాళ్ళకు ఇష్టమైతే చెప్తారు, లేకపోతే లేదు. అత్తయ్య మటుకు గుమ్మం దాటే ప్రతి మనిషినీ ఎక్కడికని అడిగేది. చెప్పేదాకా వదిలేది కాదు. చెప్పాక, ఏ దారిన అని మళ్ళీ అడిగేది. ట్రామ్ స్టాపులో నిలబడ్డ ముక్కూమొహం తెలియని వాళ్ళను కూడా.

మా పై అంతస్తులో హైదరాబాదు నుంచి వచ్చిన ఒక జంట ఉండేది. ఆ కుర్రాడు వీసా పొడిగించుకోవడానికి నెలల తరబడి ఎదురుచూసి టెర్మిన్, అంటే ఆఫీసువాళ్ళిచ్చే అపాయింట్‌మెంటు, సంపాదించాడు. ఆ పొద్దున ఫైలు చంకలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే అత్తయ్య తలుపు తీసింది. ఇంకేముంది, అడగనే అడిగింది. పైనుంచి భార్య పరుగెత్తుకొచ్చి అతణ్ణి వెనక్కి తీసుకెళ్ళి, కాళ్ళు కడిగించి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ పంపింది. దిగేటప్పుడు అతను మర్యాదగానే అన్నాడు. "ఆంటీ, మీరు పెద్దోళ్ళు. గని పనిమీద పోయేటప్పుడు ఎక్కడికి అని అడగొద్దు ఆంటీ. పని కాదు."

అత్తయ్య అతని కోటు కాలరు సర్దింది. "పని కాకపోతే ఇంకో టెర్మిన్ దొరుకుతుంది నాన్నా. నువ్వు దొరకాలి కదా" అంది.

అతను నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. పక్కనే ఉన్న నాకు నవ్వు రాలేదు. ఈ ఊళ్ళో ఆ మాటకు అర్థం తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నన్ను చెప్పొద్దనీ అనలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

అత్తయ్య మా నాన్నకు అక్క. డాక్టరు చదివి, పెళ్ళయిన కొత్తలోనే మామయ్యతో జర్మనీ వచ్చింది. ఆయన కాగితం మిల్లులో ఇంజినీరు. మిల్లుకు దగ్గరని కొండల్లో ఒక చిన్న ఊళ్ళో కాపురం పెట్టారు. అత్తయ్య అక్కడి డాక్టరు దగ్గర పనికి కుదిరింది. ఇండియన్ షాపు లేదు, పక్కన తెలుగు మనిషి లేడు. గోంగూర దొరకదని రబార్బర్ అనే పుల్లటి కాడల్ని పప్పులో వేసి, తిన్నవాళ్ళు గోంగూరే అని ఒప్పుకునేదాకా పీట మీంచి లేవనిచ్చేది కాదు. మామయ్య రెండో ముద్దకే ఒప్పుకునేవాడు. ఆయన దేనికీ వాదించే మనిషి కాదు. చిన్న చిన్న దొంగపనులు చేసి చల్లగా ఊరుకునే రకం.

తర్వాత నాన్న కూడా ఉద్యోగానికి ఇక్కడ కార్ల్స్‌రూహెకే వచ్చాడు. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మకు నెలలు నిండి ఆస్పత్రిలో చేరితే, నాన్న నన్ను కొండమీద అత్తయ్య దగ్గర దింపి వెళ్ళాడు. వారంలో వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఆయన కారు కొండ దిగిన సాయంత్రమే మంచు మొదలైంది.

అలాంటి చలికాలం ఆ ఊరి ముసలివాళ్ళు కూడా ఎరగరట. కింది కిటికీలు మూసుకుపోయాయి. మంచులోంచి వడకట్టుకుని వచ్చే వెలుతురుతో పట్టపగలు ఇల్లంతా మజ్జిగ రంగులో ఉండేది. నీడలు లేవు. మనిషి ఎదురుగా నిలబడ్డా గోడమీద నీడ పడకపోతే ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. చప్పుడు కూడా లేదు. చర్చి గంట కొడితే భూమి లోపలెక్కడో కొట్టినట్టు వినిపించేది. ఫోన్ పోయింది, రోడ్డు పోయింది, మిల్లు మూశారు. ఊరి రైతు ఒకాయన ట్రాక్టరుకు ఇనప రేకు కట్టి, ఇళ్ళ మధ్య దారి మాత్రం తెరిచి ఉంచేవాడు. తోసిన మంచంతా దారికి అటూ ఇటూ గోడలయింది. మా ఇంటెదురుగా బస్సు ఆగే చోట ఒక చెక్క షెడ్డుండేది. దాని వెనక గుట్ట షెడ్డు కప్పుకన్నా ఎత్తు పెరిగింది.

ఇంట్లో అన్నిటికన్నా విలువైనది బియ్యం. నగరానికి వెళ్తే తప్ప దొరకవు. డబ్బాలో ఉన్నవి నాకోసమని, అత్తయ్యా మామయ్యా బంగాళాదుంపలూ రొట్టే తినేవాళ్ళు. డబ్బా తీసినప్పుడల్లా అత్తయ్యకు అనుమానం, నిన్నటికన్నా తగ్గాయని. "ఈ ఇంట్లో ఎలుకలు కూడా తెలుగువేనా, బియ్యమే తింటున్నాయి?" అని మామయ్య వైపు చూసేది. ఆయన చాలా శ్రద్ధగా పేపరు చదువుకునేవాడు. అది పాత పేపరు.

ఆ రోజు మధ్యాహ్నం గాలి లేచింది. కింద పడ్డ మంచే మళ్ళీ పైకి లేస్తోంది. మామయ్య కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అత్తయ్య నా జుట్టు దువ్వుతోంది. దువ్వెన ఆపి, "దూరమా అండీ?" అంది.

"దగ్గరేనోయ్" అన్నాడు.

"వెళ్ళిరండి."

తలుపు మూసుకుంది. అత్తయ్య నా రెండో జడ వేసింది. దుంపలు ఉడికాయి, చల్లారాయి. మామయ్య రాలేదు.

పొరుగింటివాళ్ళు వచ్చారు, ట్రాక్టరు రైతు వచ్చాడు, రెండోరోజుకు స్కీల మీద పోలీసు వచ్చాడు. అందరూ అడిగింది ఒకటే. వోహిన్? ఎక్కడికి వెళ్ళాడు? అత్తయ్య "నిష్ట్ వైట్" అని చెప్పింది. దూరం కాదు, అని. పోలీసు మర్యాదగా మళ్ళీ అడిగాడు. భార్యతో చెప్పకుండా వెళ్ళాడా, గొడవ పడ్డారా? లేదంది. మరి మీరు అడగలేదా? అడగలేదంది. ఎందుకడగలేదు? దానికి జవాబు జర్మన్లో లేదు. మా దేశంలో అడగరు, అడిగితే కీడు, అని డాక్టరు ఉద్యోగం చేసే మనిషి ఆ వంటింట్లో నిలబడి చెప్పింది. ఆ పోలీసు రాసుకోవడం ఆపి ఆవిడ మొహంకేసి చూసిన చూపు నాకింకా గుర్తుంది. తిట్టినా బాగుండేది.

ఎక్కడికో తెలియదు గనక అన్ని చోట్లా వెతికారు. మిల్లు దారి, అడవి దారి, వాగు. పొడుగు కర్రలతో మంచును పొడుచుకుంటూ వెళ్ళారు. ఇంటి చుట్టూ చూశారు, షెడ్డు లోపలా ముందూ చూశారు. వెనక గుట్ట గట్టిపడి గోడలా ఉంది. ఆ గోడ ముందునుంచీ ఉన్నదే కదా అనుకున్నారు.

దారి తెరిచాక నాన్న వచ్చాడు. నాకు తమ్ముడు పుట్టాడని చెప్పి, ఆ నోటితోనే ఏడ్చాడు. ఆయన కూడా వెతికి వెతికి, ఉద్యోగం పిలిస్తే వెళ్తూ నన్ను అక్కడే ఉంచాడు. అత్తయ్యకు తోడుండమన్నాడు, బడి సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఏడేళ్ళ పిల్ల ఏం తోడు? అయినా ఉన్నాను.

ఆ రోజుల గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది భోజనం బల్ల. అత్తయ్య రోజూ మూడు కంచాలు పెట్టేది. మూడోదాని మీద మూత. వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె ఆపి, తలుపు వైపు చెవి పెట్టి, "వచ్చారు" అనేది. నిజంగానే గుమ్మం ముందు బూట్ల మంచు దులిపిన చప్పుడు వినిపించేది. నేనూ విన్నాను. వెళ్ళి తలుపు తీస్తే కప్పుమీంచి జారిపడ్డ మంచు కుప్ప ఉండేది. ఒకసారి కాదు, చాలాసార్లు అలాగే. మేమిద్దరం తిరిగొచ్చి కూర్చుని తినేవాళ్ళం. నేను భయమంటే, "మీ మామయ్యకు భయమెందుకే?" అనేది. నాకు భయం మామయ్యంటే కాదు, ఆ మూత అంటే.

ఇంటి యజమానురాలు ముసలావిడ ఒకరోజు ఓదార్చడానికి వచ్చింది. పూర్వం కొండ ఇళ్ళల్లో చలికాలం ఎవరైనా పోతే, నేల గడ్డకట్టి తవ్వడానికి వీల్లేక, పలక మీద పడుకోబెట్టి అటక మీదే ఉంచేవాళ్ళట. మంచు కరిగేదాకా ఆ మనిషి ఇంట్లోనే ఉన్నాడన్నట్టు మాట్లాడుకునేవాళ్ళట. మంచు దాచిపెడుతుంది గానీ దొంగిలించదు, అని ఆవిడ అత్తయ్య చెయ్యి పట్టుకుని చెప్పింది. ధైర్యం చెప్పడానికే చెప్పింది, పాపం. ఆ తర్వాత నేను అటక మెట్ల దగ్గరికి పోలేదు.

ఆడుకోవడానికి నాకు మిగిలింది షెడ్డు వెనక గుట్ట ఒక్కటే. అట్టపెట్టె ముక్క మీద కూర్చుని పైనుంచి జారేదాన్ని. అక్కడ నాకు తోడు కాకులు. ఊళ్ళో ఇంకెక్కడా వాలేవి కావు. ఆ గుట్ట మీదే వరసగా కూర్చునేవి, అరవకుండా. నేను జారితే లేచేవి, మళ్ళీ అక్కడే వాలేవి. ఎవరో వస్తారని ఎదురుచూస్తున్నట్టుండేవి. ఇంటికొచ్చి చెప్పాను, అత్తయ్యా కాకులు రోజూ అక్కడే కూర్చుంటున్నాయని. ఆవిడ లేచి కర్టెను లాగేసింది.

"ఈ ఇంట్లో కాకి మాట ఎత్తకు" అంది.

ఇప్పుడు అర్థమవుతుంది. మనకు కాకి ఎప్పుడు గుర్తొస్తుందో, ఎవరికోసం గుర్తొస్తుందో తెలిసిందే కదా. కాకి వైపు చూస్తే మామయ్య లేడని ఒప్పుకున్నట్టే. అందుకని చూడలేదు. ఊరంతటికీ మందులిచ్చే మనిషి, కిటికీలోంచి ఒక్కసారి కాకుల వంక చూడలేకపోయింది.

మంచు కరిగాక మామయ్య ఆ షెడ్డు వెనకే కనిపించాడు. నేను జారిన చోటే. గుండె ఆగిందన్నారు. పడిపోయాక గాలి కప్పింది, దానిమీద మర్నాటి ట్రాక్టరు కప్పింది. దగ్గరే అన్నాడు, అన్నట్టే అన్నాళ్ళూ మా గుమ్మానికి ఎదురుగానే ఉన్నాడు. కోటు జేబులో గుప్పెడు బియ్యం, తడిసి ఉండకట్టి ఉన్నాయి. ఆకలితో ఉన్న కాకులకు రోజూ దొంగతనంగా తీసుకెళ్ళి వేసేవాడన్నమాట. పిల్లకు దాచిన బియ్యం కాకులపాలు చేస్తున్నాడని తెలిస్తే అత్తయ్య ఊరుకోదని చెప్పలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, నేను పెద్దదాన్నయ్యాక, ధైర్యం చేసి ఒకమాటన్నాను. నువ్వడిగినా ఆయన నిజం చెప్పేవాడు కాదేమో అత్తయ్యా, అని. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తోంది. తల ఎత్తలేదు. "అబద్ధమే చెప్పేవారు. చెప్తే మొహం చూసేదాన్ని. నీ జడ చూస్తున్నాను కదా, మొహం చూడలేదే" అంది. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తూనే ఉంది.

ఆ ఏడు, మామయ్య కనిపించిన పదోరోజున అత్తయ్య షెడ్డు కప్పుమీద అన్నం ముద్ద పెట్టి సాయంత్రం దాకా నిలబడింది. కాకులు రాలేదు. పొలాల్లో నేల బయటపడేసరికి అన్నీ అటు వెళ్ళిపోయాయి. అన్నాళ్ళు కూర్చున్నవి ఆ ఒక్కరోజు రాలేదు.

మర్నాడు ట్రాక్టరు రైతు వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని, వంటింట్లో నిలబడ్డాడు. అత్తయ్య కూర్చోమని కాఫీ ఇచ్చింది. మీ తప్పేం లేదని చెప్పింది. ఆయన లేచి గుమ్మం దాకా వెళ్ళాక వెనకనుంచి పిలిచి, ఇప్పుడిక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తున్నారని అడిగింది. ఇంటికే అన్నాడు. చేరాక ఫోన్ చెయ్యమంది. చేశాడు. అదిగో, అలా మొదలైంది. దూరమా అనే మాట ఆవిడ నోట మళ్ళీ నేను వినలేదు.

తర్వాత అత్తయ్య కొండ దిగి కార్ల్స్‌రూహెలో మాకు దగ్గరగా వచ్చింది. పని మానేశాక మా కింది ఫ్లాటులోనే ఉండేది. నా పెళ్ళి చూసింది, మావాణ్ణి ఎత్తుకుని పెంచింది. వాడు తెలుగులో మొదట నేర్చిన ప్రశ్న ఏమిటో చెప్పక్కర్లేదు. నేను ఈ ఉద్యోగంలో చేరానని చెప్తే మాత్రం, "వెనక చూసి తొయ్యమను" అంది. అంతే. అప్పట్నుంచి మా డ్రైవర్లు బస్సు స్టాపు దగ్గర మంచు తోసేముందు దిగి, వెనక చూసి, చూశామని నాకు చెప్పాలి. ఏముంటుంది, కుందేలుంటుంది, అని నవ్వుతారు. నవ్వనీ, చూస్తే చాలు.

అందర్నీ అడిగే అత్తయ్య తను మాత్రం రోజూ మధ్యాహ్నం బూడిదరంగు కోటు వేసుకుని ఒక్కతే బయటికి వెళ్ళొచ్చేది. ఎండైనా, వానైనా. కాళ్ళు ఆడించుకోవడానికి అనుకున్నాం. మేమెవరం అడగలేదు. పెద్దవాళ్ళు బయల్దేరితే ఎక్కడికని అడుగుతామా?

పోయేముందు రోజు మధ్యాహ్నం ఆస్పత్రిలో ఆవిడ పక్కనే ఉన్నాను. బయట మంచు అప్పుడే మొదలైంది. గది నిండా ఆ వెలుతురు వచ్చింది, మజ్జిగ రంగుది. నేను గోడ వైపు చూశాను. నీడలు లేవు. అత్తయ్య దిండుకు ఆనుకుని లేచి కూర్చుని, "ఆ కోటు ఇలా ఇవ్వవే" అంది. ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకుని, కుడి జేబులో చెయ్యి పెట్టి, అలాగే ఉంచింది.

జీవితంలో మొదటిసారి అడిగాను. "ఎక్కడికి అత్తయ్యా?"

కిటికీకేసి చూసింది. మొహంలో నొప్పి లేదు, కంగారు లేదు, పట్టుబడ్డ చిన్న నవ్వు ఉంది.

"దగ్గరేనే" అంది.

నేను ఆవిడ మొహమే చూశాను. దగ్గర్లో దువ్వెన లేదు, జడ లేదు, ఇంకే పనీ లేదు. చూస్తూనే ఉన్నాను.

పదోరోజున కోటు బయటికి తీశాను, ఎవరికైనా ఇచ్చేద్దామని. కుడి జేబులో చెయ్యి పెడితే బియ్యం తగిలాయి. గుప్పెడు పొడి బియ్యం. చాలాసేపు ఆ గుప్పిట తెరవలేకపోయాను. తర్వాత ఆ కోటే వేసుకుని, వండిన అన్నం ఆకులో పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. లోపల్నుంచి మావాడు అరిచాడు, "అమ్మా, వోహిన్?"

దగ్గరే, అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. వెనక్కి తిరిగి, వాడి గది తలుపు దగ్గరికెళ్ళి చెప్పాను. ఎదురుగా ట్రామ్ స్టాపుకి, షెల్టరు వెనక్కి, కాకులకు అన్నం పెట్టడానికి, రోడ్డు దాటి కుడివైపు నుంచి వెళ్తాను, పెట్టగానే వచ్చేస్తాను, అని. వాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, తల ఊపి లేచాడు.

షెల్టరు వెనక, నిన్న మా బళ్ళు తోసిన మంచు గుట్ట ఉంది. దానిమీద కాకులు అప్పటికే వరసగా కూర్చుని ఉన్నాయి, అరవకుండా. నేను అక్కడ ఎప్పుడూ గింజ వేసి ఎరగను. అవి నన్ను చూడలేదు, కోటును చూశాయి. అన్నం పెట్టి, జేబులో బియ్యం కూడా చల్లాను. ఒక్కటీ ఆగలేదు, అన్నీ వచ్చాయి.

లేచి ఇంటివైపు చూస్తే, కిటికీలో మావాడు కర్టెను పూర్తిగా పక్కకు లాగి నిలబడి ఉన్నాడు. నేను రోడ్డు దాటి గుమ్మం తొక్కేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.